దీవెన చెప్పిన వద్దు

మా సంఘంలో నా పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. నోటుపుస్తకం తెరిచి, "అక్కా, ఇన్నేళ్ళు చేశారు కదా, ముఖ్యమైనవి ఓ పది చెప్పండి, రాసుకుంటాను" అంది. పది లేవమ్మా అన్నాను. ఉన్నవి ఒకటో రెండో, అవి కూడా నేను బాగా చేసినవి కావు. పాపం, టీ తాగి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను.

నేను అనకాపల్లిలో ఒక చిన్న సంఘంలో బైబిలు స్త్రీగా పనిచేశాను. ఈ ఉద్యోగం పేరు చెబితే ఇప్పటి పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. పాస్టరు కాదు, పాస్టరు భార్యా కాదు. తెల్ల చీర కట్టుకుని, భుజాన సంచి వేసుకుని ఇంటింటికీ తిరిగే మనిషి. ఆడవాళ్ళతో కలిసి ప్రార్థన చేయాలి, ఆదివారం బడి నడపాలి, జబ్బుపడినవాళ్ళ పక్కన కూర్చోవాలి, బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళను తయారుచేయాలి. పిడికెడు బియ్యం పోగుచేయడం కూడా ఆమె పనే. మా ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరిట విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, తెచ్చి బుట్టలో పోస్తారు. ఆ బియ్యం ఇంట్లో గింజ లేనివాళ్ళకు వెళ్తుంది.

జీతం, కమిటీ తగాదాలు, ఎవరు ఎవరిని ఎక్కడికి మార్చారు అనేవి రాయను. వాటివల్ల బాగుపడిన వాళ్ళను నేను చూడలేదు.

ముందు కూర్చో

నాకు పని నేర్పినావిడను అందరూ పెద్దమ్మగారు అనేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం రోడ్డు అవతలికి వినబడేది. మొదటి రోజు నేను ఒక ఇంటి గుమ్మంలో నిలబడే ప్రార్థన మొదలుపెట్టేశాను. బయటికి వచ్చాక నా సంచి పట్టుకుని ఆపింది.

"ఏమే పిల్లా, నిలబడి అడిగితే పోలీసోడి ఎంక్వైరీలాగుంటాది. ఎవులింటికెళ్ళినా ముందు కూకో. ఆలు సెప్పింది ఇను. నీ దేవుడికి తొందరేటీ లేదు."

ఈ ఉద్యోగానికి నాకు దొరికిన ట్రైనింగు అంతా ఆ నాలుగు ముక్కలే. విన్నాను గాని ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. కోటవురట్ల దాకా బస్సులో వేలాడుతూ వెళ్ళి, పది ఇళ్ళు తిరిగి, పది ఇళ్ళలోనూ నేనే మాట్లాడి వచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి. సాయంత్రానికి గొంతు బొంగురుపోతే బాగా పనిచేశాననుకునేదాన్ని.

చిలకలు

మా సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలిసే వయసు రావాలి. సంఘ పెద్దల ముందు కూర్చుని వాళ్ళడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ తరవాత శారదా నదిలో పాస్టరు అయ్యగారు ఒక చేయి వీపు వెనక, ఒక చేయి తలమీద పెట్టి నీళ్ళలో ముంచి లేపుతారు. అది అయినవాళ్ళకే ప్రభువు బల్ల. అంటే నెలలో మొదటి ఆదివారం రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసం తిరుగుతాయి. బాప్తిస్మం లేనివాళ్ళను దాటుకుని పళ్ళెం వెళ్ళిపోతుంది.

పెద్దలు అడిగే ప్రశ్నలు మా తాతల నాటివి. జవాబులూ అంతే. నేను మూడు నెలలు కూర్చోబెట్టి కంఠతా పట్టించేదాన్ని. పెద్దల్లో జాను మాస్టారని రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన ముందు తడబడితే ఆ ఏడాదికి అంతే సంగతులు. నా విద్యార్థులు తడబడరని నాకు పేరు. సబ్బవరం నుంచి ఒకతను వచ్చాడు. మా సంఘం పిల్లతో పెళ్ళి కుదిరింది. అన్ని ప్రశ్నలకూ ఎక్కడా ఆగకుండా చెప్పాడు. జాను మాస్టారు కూడా మెచ్చుకున్నారు. పెళ్ళి ఫొటోల్లో తప్ప అతను మళ్ళీ గుడిలో కనబడలేదు.

అతన్ని అందరూ తిట్టారు. నేనూ తిట్టాను. చిలకకు పలుకులు నేర్పినదాన్ని నేనే కదా అన్న ఆలోచన అప్పుడు రాలేదు.

నేను అన్న మాట

సుగుణ టైలరింగు చేసేది. భర్త నూకరాజు బెల్లం మార్కెట్టు నుంచి సరుకు తోలే వ్యాను డ్రైవరు. అతను హిందువు, గుడి లోపలికి రాడు. కాని ప్రతి ఆదివారం భార్యనూ కూతురినీ బండిమీద దింపి, అయ్యేదాకా బయట టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. కూతురు పేరు దీవెన. నేను ఎరిగేనాటికి ఏడెనిమిదేళ్ళుంటాయి. మాట లేదు. పుట్టినప్పటినుంచీ లేదు. చెవులు బాగా వినబడతాయి, ఇంకా చెప్పాలంటే మనకంటే ఎక్కువే వినబడతాయి. డోలక్ మొదలవగానే చెవులు మూసుకుని వరండాలోకి పరుగెత్తేది. అక్కడ చెప్పుల మధ్య కూర్చుని, లోపల పాడుతున్న పాటకు తనదైన ఒక సన్నని కూనిరాగం తీసేది. ఆటిజం అని డాక్టర్లు చెప్పారట. మాకు ఆ మాట తెలియదు. మాకు తెలిసింది స్వస్థత ప్రార్థన.

ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆ పిల్లను నేనే ముందుకు తీసుకెళ్ళేదాన్ని. అయ్యగారు తలమీద నూనె రాసి చేతులు పెట్టేవారు. చుట్టూ పదిమంది గొంతెత్తి ప్రార్థించేవాళ్ళం. దీవెన తల విదిలించి అరిచేది. ఒకసారి నా చేయి కొరికింది. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లకు దయ్యం పట్టిందని ఆ చూపుకు అర్థం. క్రిస్మసులోపు ఈ పిల్ల మాట్లాడుతుందని అందరి ముందూ చెప్పేశాను. క్రిస్మసు వచ్చింది, వెళ్ళింది. అప్పుడు గుడి మెట్లమీద సుగుణతో, "నీ విశ్వాసంలోనే ఎక్కడో లోటుందమ్మా, చూసుకో" అన్నాను.

ఈ ఉద్యోగంలో నేనన్న మాటలన్నిటిలోకీ చెడ్డమాట అది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మిగతా అంతా మరిచిపోయినా సరే, ఇది గుర్తుపెట్టుకోండి. పిల్లకు బాగాలేదని వచ్చిన తల్లిమీద ఇంకో బరువు పెట్టకండి. దేవుడి పేరు చెప్పి అసలే పెట్టకండి.

ఆ తరవాత సుగుణ రావడం మానేసింది. వరసగా కొన్ని ఆదివారాలు వాళ్ళ పిడికెడు బియ్యం రాలేదు. బియ్యం నెపంతో వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మిషను మీద జాకెట్టు కుడుతూ ఉంది. ఆ రోజు పెద్దమ్మగారి మాట గుర్తొచ్చి చాపమీద కూర్చున్నాను. జాకెట్టుకు రెండు చేతులూ కుట్టడం చూశాను. చివరికి సుగుణే మిషను ఆపింది.

"అక్కా, నా ఇశ్వాసం సంగతి నానెరగను. శుక్రోరం వచ్చిందంటే నా పిల్ల మంచం కింద దూరిపోతన్నాది. దేవుడికాడికెల్దామంటే మంచం కింద దాంకునే పిల్లని నానేటి సెయ్యాలి, నువ్వే సెప్పు."

తప్పయిపోయిందమ్మా అన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సుగుణ లేచి డబ్బా తెచ్చి నా సంచిలో బియ్యం పోసింది. రావడం మానేసిందే తప్ప, పిడికెడు తియ్యడం ఒక్కపూట మానలేదు.

ఉంగరానికి గుచ్చిన బొమ్మలు

అప్పటికి దీవెన ప్రత్యేక అవసరాల పిల్లల సెంటరుకు వెళ్తోంది. అక్కడి టీచరమ్మ చిన్న చిన్న బొమ్మలు, ఫొటోలు ప్లాస్టిక్ అతికించి, తాళాలగుత్తిలా తెరిచి మూసే ఒక ఇనప ఉంగరానికి గుచ్చి ఇచ్చింది. అన్నం, నీళ్ళు, నాన్న, బండి, అవును. ఎర్ర గీత కొట్టిన అరచేతి బొమ్మ ఒకటి. అది వద్దు. సుగుణ తనంతట తాను మా గుడి ఫొటో, చేతులు జోడించిన ఫొటో కూడా చేయించి గుచ్చింది. చేతులు జోడిస్తే ప్రార్థన.

తరవాతిసారి వాళ్ళింట్లో ప్రార్థన ముగించి, లేస్తూ అలవాటు చొప్పున దీవెన తలమీద చేయి పెట్టబోయాను. ఆ పిల్ల ఉంగరం తిప్పి ఎర్ర గీత బొమ్మ నా మొహం ముందు పెట్టింది. చేయి దించేశాను. దించిన చేతిని ఆ పిల్ల కాసేపు చూసింది. తరవాత వచ్చి నా పక్కనే, నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. అన్నాళ్ళ పరిచయంలో అదే మొదటిసారి.

తల్లీకూతుళ్ళు గుడికి మళ్ళీ వచ్చారు. డోలక్ వాయించే అతన్ని బతిమాలి వెనక మూలకు జరిపాం. శుక్రవారం నూనె సంగతి మళ్ళీ ఎత్తవద్దని అయ్యగారిని అడిగాను. ఆయన మంచి మనిషి. కాసేపు ఆలోచించి, "ఆ పిల్ల అడిగినరోజు చేద్దాం" అన్నారు. బియ్యం బుట్ట దగ్గర నిలబడి అందరి డబ్బాలూ అందుకుని పోయడం దీవెన పని అయింది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది. ఎవరైనా బియ్యం తేకపోతే వాళ్ళ ముందు ఖాళీ చేయి చాపి నిలబడేది. మరిచిపోయామని చెప్పినా కదిలేది కాదు. నేను ముప్పై ఏళ్ళు అడిగినా తేని ఇళ్ళనుంచి కూడా బియ్యం రావడం మొదలైంది.

ఒకసారి వాళ్ళింటికి వెళ్తే దీవెన నా కొంగు పట్టుకుని బయటికి లాగింది. రెండిళ్ళ అవతల పైడితల్లి అనే ముసలావిడ ఉంది. చేపలమ్ముకునే మనిషి, కాలు విరిగి మంచాన పడింది. దీవెన నన్ను ఆ మంచం పక్కకు తీసుకెళ్ళి, చేతులు జోడించిన ఫొటో తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను పైడితల్లి వైపు చూశాను. "రోజూ వచ్చి నాకాడ ఈ బొమ్మెట్టి కూకుంటాదమ్మా. నాకేటి తెలుసు. సెయ్యి, తల్లీ, నువ్వైనా నోటితో సెయ్యి" అంది. చేశాను. దీవెన పక్కన కూర్చుని తన కూనిరాగం తీసింది. మేం ప్రార్థన ముగించేటప్పుడు పాడే పాట రాగం అది.

బెల్లం ముక్క

ప్రభువు బల్ల రోజున దీవెన నా పక్కన కూర్చునేది. పళ్ళెం రాగానే చేయి చాపేది. నేను మణికట్టు పట్టుకుని ఆపేదాన్ని. నెలనెలా అదే. చిన్నపిల్లగా ఉన్నప్పుడు రొట్టెకోసం అనుకున్నాం. కాని ఇంటికెళ్ళి రొట్టె పెడితే అక్కర్లేదు. అందరితోపాటు ఆ పళ్ళెంలోదే కావాలి. పద్నాలుగేళ్ళు వచ్చాక ఒక ఆదివారం నేను పట్టుకున్న చేతిని విడిపించుకోకుండా, నా వేళ్ళవంకే చూస్తూ కూర్చుంది. బయటికొచ్చాక సుగుణ, "దీనికి బాప్తీసం ఎప్పుడక్కా?" అంది.

నేను నడుం కట్టాను. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. రోజూ సాయంత్రం వెళ్ళి ప్రశ్న అడగడం, అవును బొమ్మ చూపిస్తే బెల్లం ముక్క పెట్టడం. పది రోజుల్లో అన్ని ప్రశ్నలకూ అవును వచ్చింది. మురిసిపోయాను. జాను మాస్టారు ఏం చేస్తారో చూద్దామనుకున్నాను. సుగుణ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దీవెనా, నువ్వు బస్సువా?" అని అడిగింది.

దీవెన అవును బొమ్మ చూపించి బెల్లానికి చేయి చాపింది.

"దానికి బెల్లం కావాలక్కా. బాప్తీసం సంగతి నువ్వింకా అడగనేలేదు" అంది సుగుణ. నవ్వుతూనే అంది గాని నాకు తల కొట్టేసినట్టయింది. సబ్బవరం అతను అప్పుడు గుర్తొచ్చాడు.

మర్నాడు సెంటరుకు వెళ్ళి పిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాను. నా కూతురి వయసున్న టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఒకసారే అడగాలి. వద్దు బొమ్మ ఎప్పుడూ అందేచోట ఉంచాలి. జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని ఉండాలి. వచ్చిన జవాబు మనకు నచ్చినా నచ్చకపోయినా తీసుకోవాలి. నోరు మూసుకోవడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

పెద్దల ముందు

పెద్దలు ముగ్గురు, అయ్యగారు, నేను, సుగుణ, దీవెన. గుడిలో చాప పరిచాం. జాను మాస్టారు ముందే చెప్పేశారు.

"సెల్లెమ్మా, నోటితో ఒప్పుకోవాలని బైబిలు వాక్యంలో ఉంది. నేను పెట్టిన రూలు కాదు. ఈ పిల్ల నమ్మిందని మనకెలగ తెలుస్తాది?"

నేను పైడితల్లి సంగతంతా చెప్పాను. బియ్యం బుట్ట సంగతి ఆయనకూ తెలుసు. ఆయన చివరిదాకా విని, "అది నీ సాక్ష్యం. దానిదేది?" అన్నారు.

న్యాయమైన ప్రశ్న. ఆయన మీద నాకు కోపం రాలేదు. దీవెన ముందు సుగుణ రెండు బొమ్మలు పెట్టింది. ఒకటి నదిలో అయ్యగారు ఎవరికో బాప్తిస్మం ఇస్తున్న ఫొటో. రెండోది ఎర్ర గీత బొమ్మ. "ఇలగ నువ్వూ వెళ్తావా అమ్మా?" అని ఒక్కసారి అడిగాను. నోరు మూసుకున్నాను.

దీవెన ఫొటోను చాలాసేపు చూసింది. వద్దు బొమ్మ తీసి దానిమీద పెట్టింది.

సుగుణ మొహం చూడలేకపోయాను. "ఇంకోసారి అడుగుతాను మాస్టారూ" అన్నాను.

"అడక్కు" అన్నారు ఆయన. "ఒద్దన్నాది కదా. మనకి కావాల్సింది వచ్చేదాకా అడుగుతామా ఏటి? ఇన్నేళ్ళలో నా ముందు కూకున్నోళ్ళంతా అవునన్నోళ్ళే. ఒద్దన్న మనిషిని ఇప్పుడే సూసేను." ఆ గొంతులో గెలిచిన ఆనందం లేదు. ఆయన దీవెననే చూస్తున్నారు.

దీవెన మాత్రం లేవలేదు. వద్దంటే లేచి వెళ్ళిపోవడం ఆ పిల్ల అలవాటు. వద్దు బొమ్మ పక్కకు జరిపి, ఫొటోలో ఒక చోట బొటనవేలు పెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది. సుగుణ ముందుకు వంగి చూసింది.

"నీల్లొద్దనలేదండి" అంది నెమ్మదిగా. "సెయ్యొద్దంటన్నాది. అయ్యగారి సెయ్యి. నెత్తిమీదున్న సెయ్యి."

ఆ శుక్రవారాలన్నీ నాకు గుర్తొచ్చాయి. అయ్యగారు తలదించుకున్నారు. జాను మాస్టారు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఒక కాగితం ముక్క చింపి, నాలికతో తడిచేసి ఆ ఫొటోలో చేయి ఉన్నచోట అతికించారు. ఫొటోనూ వద్దు బొమ్మనూ మళ్ళీ పక్కపక్కన పెట్టారు.

"అమ్మా, సెయ్యి లేదు. ఎవరూ నిన్ను ముట్టుకోరు. నువ్వే మునుగుతావా? ఒద్దంటే ఒద్దు. నాకేం కోపం లేదు."

దీవెన వద్దు బొమ్మ తీసి ఆయన చేతిలో పెట్టేసింది. ఫొటో తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తరవాత ఉంగరం తిప్పి, చేతులు జోడించిన ఫొటో ఆయన ముందు పెట్టి కూర్చుంది. పైడితల్లి మంచం దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది.

జాను మాస్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. ప్రార్థన ఆయనే చేశారు. మధ్యలో రెండుసార్లు ఆగారు.

మొదటి ఆదివారం

నదిలో అయ్యగారు నడుంలోతు నీళ్ళలో నిలబడి ముంజేయి మాత్రం చాపారు. దీవెన ఆ ముంజేయి పట్టుకుని, ఒక్క క్షణం నీళ్ళను చూసి, తనే మునిగింది. లేచి జుట్టు విదిలించి మళ్ళీ మునగబోతే అయ్యగారు నవ్వుతూ, "ఒక్కసారి చాలమ్మా" అన్నారు. గట్టుమీద నూకరాజు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. మా కూడికకు అంత దగ్గరగా అతను రావడం అదే మొదలు. డోలక్ వద్దనుకున్నాం. నోటితోనే, మెల్లగా పాడాం.

ఆ తరవాత వచ్చిన మొదటి ఆదివారం దీవెన ఎప్పటిలా నా పక్కన కూర్చుంది. పళ్ళెం వరసల వెంట వస్తోంది. నా మనసు ఎక్కడుందో తెలియదు. పళ్ళెం మా ముందుకు రాగానే, ఏళ్ళ తరబడి చేసిన పని కదా, నా చేయి దానంతటదే వెళ్ళి దీవెన మణికట్టు పట్టుకుంది.

దీవెన నావైపు తిరిగింది. కోపం లేదు. రెండో చేత్తో ఉంగరం తిప్పి, ఎర్ర గీత బొమ్మ తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను చేయి వదిలేశాను. ఆ పిల్ల రొట్టె ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని, పళ్ళెం నాకందించింది.